అమ్మ చదవని పేజీలు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు ఇస్త్రీపెట్టె వేడెక్కాలి, తర్వాత అమ్మ గొంతు వినపడాలి. వీధివైపు గదిలోనే ఇస్త్రీ కొట్టు. చుట్టుపక్కల వాళ్ళ చొక్కాలూ దుప్పట్లూ మూటలుగా వచ్చి మడతలుగా తిరిగి వెళ్తుంటాయి. పని మొదలుపెట్టే ముందు అమ్మ బల్లమీద పాఠ్యపుస్తకం తెరిచి, కూతురికి చదివి వినిపిస్తుంది. గువ్వ పక్కనే పీట మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని వింటుంది.

గువ్వ అని పేరు పెట్టింది నాయనమ్మ. పుట్టినప్పటినుంచీ ఆ పిల్లకు చూపు తక్కువ. వెలుగు తెలుస్తుంది, మనుషుల ఆకారాలు తెలుస్తాయి, అరచేతంత అక్షరం రాస్తే చదువుతుంది. పుస్తకంలో అక్షరాలు మాత్రం ఒట్టి బూడిద చల్లినట్టు ఉంటాయి. అందుకని ఇన్నేళ్ళూ ఆమె చదువంతా అమ్మ గొంతులోంచే వచ్చింది.

అమ్మ పుట్టింది వంతెన అవతలి పేటలో. అక్కడివాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష వేరు, బళ్ళో చెప్పే భాష వేరు. ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇప్పటికీ ఒత్తులు వచ్చిన చోట ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ బయల్దేరుతుంది. "మా కోడలు చదువుతుంటే పాఠం కాలినడకన వస్తున్నట్టుంటుంది" అని నాయనమ్మ ఆటపట్టిస్తుంది. అయినా ఆ ఇంట్లో అంత ఓపిక ఇంకెవరికీ లేదు. నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే వెళ్ళిపోతాడు. గువ్వకంటే ఏడాది పెద్దవాడైన అన్నకు తన లెక్కలతోనే సరిపోతుంది.

ఆ లెక్కలే గువ్వకూ కావాలి. పై ఏడాది లెక్కల గ్రూపులో చేరాలని ఆమె ఆశ. చేరాలంటే బడి పెట్టే పరీక్షలో సగం మార్కులైనా రావాలి. ఇన్నాళ్ళూ క్లాసు టీచరు ఆమెకు వేరే పేపరు ఇచ్చేది, అందులో కూడికలూ తీసివేతలూ దాటి పెద్దగా ఏమీ ఉండేవి కావు. టీచరు బోర్డు దగ్గర నిలబడి "ఇదిగో, ఇక్కడ చూడండి" అంటూ కష్టమైన పాఠాలు చెప్పేటప్పుడు గువ్వను లైబ్రరీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఈసారి ఆ పిల్ల తనే వెళ్ళి, నాకూ అందరి పేపరే ఇవ్వండి మేడం అని అడిగింది. టీచరు తల నిమిరి, నీ ఇష్టం తల్లీ, నీకెందుకీ తిప్పలు అంది కానీ కాదనలేదు. చదివిపెట్టి, చెప్పింది రాసేందుకు ఒక మనిషిని కూడా ఇస్తామంది.

పరీక్షకు వారం ఉందనగా అమ్మ గొంతు పోయింది. జలుబనుకుంటే అది కాదు, వాపు. కొన్నాళ్ళు మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాట్లాడని కోడలు దొరకడం అదృష్టమని నాయనమ్మ నవ్వబోయి, మనవరాలి ముఖం చూసి ఊరుకుంది. చదివే పని అన్న నెత్తిన పడింది. వాడు గొణుక్కుంటూ తన పాత పుస్తకం తెచ్చుకున్నాడు. సమీకరణాల పాఠం తీసి, ఊపిరి పీల్చుకోకుండా మొదటి అభ్యాసం చదివేశాడు. రెండోదీ చదివేశాడు. పేజీ తిప్పి, "రెండు పంపులు ఒక తొట్టెను నింపుతున్నాయి" అని మొదలుపెట్టాడు.

"ఏ పాఠంలోకి వెళ్ళిపోయావు?" అంది గువ్వ.

"ఇదే పాఠం. మూడో అభ్యాసం."

"ఈ పాఠానికి రెండే అభ్యాసాలు. నాకు కంఠతా వచ్చు."

అన్న పుస్తకం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. అయిదు అభ్యాసాలున్నాయనీ, పరీక్షలో సగం పైగా ఈ చివరివాటిలోంచే వస్తాయనీ మెల్లగా చెప్పాడు. గువ్వ చదవమంది. ఒక పంపు మూడు గంటల్లో, ఇంకోటి ఆరు గంటల్లో తొట్టె నింపితే, రెండూ కలిసి ఎంతసేపట్లో నింపుతాయి? ఆ పిల్ల కాసేపు ఆలోచించి నాలుగున్నర అంది.

"తప్పు. రెండు పంపులు కలిస్తే ఒక్కదానికంటే ఎక్కువ సేపెలా పడుతుందే, బుర్ర లేదా?"

అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ ఇంట్లో గువ్వను ఎవరూ అలా అనరు. కానీ గువ్వకు కోపం రాలేదు. మిగతా పాఠాలు కూడా తీసి, ఒక్కోదానికి అభ్యాసాలు ఎన్నున్నాయో చెప్పమంది. అన్న చెబుతూ పోయాడు. వింటున్నకొద్దీ ఆ పిల్ల ముఖం పాలిపోయింది. తనకు తెలిసిన పుస్తకం అసలు పుస్తకంలో సగం కూడా లేదు.

నాన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఇల్లంతా బిగుసుకుపోయి ఉంది. గువ్వ కొట్టు గదిలోకి వచ్చి, అమ్మా, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు అంది. అమ్మకు విషయం అప్పుడే అర్థమైంది. పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపింది.

"నువ్వు నాకు చదవకుండా వదిలేసినవి ఎన్ని పేజీలమ్మా?"

అమ్మ పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. సైగ చేస్తే కూతురికి కనపడదు, కాగితం మీద రాస్తే చదవలేదు. గువ్వే దగ్గరికి వెళ్ళి అమ్మ నోటి దగ్గర చెవి పెట్టింది. తల్లితో పోట్లాడటానికి కూడా ఆ పిల్ల తల్లిని ఆనుకుని నిలబడాల్సి వచ్చింది.

టీచరు పుస్తకంలో పెన్సిలుతో గీతలు పెట్టి ఇచ్చిందనీ, నీకు అక్కడిదాకా చాలందనీ అమ్మ గుసగుసగా చెప్పింది. ఎప్పటినుంచి అంటే, ఆ బళ్ళో చేరినప్పటినుంచీ అంది. నాన్న చెయ్యి కడుక్కుంటూ కల్పించుకున్నాడు. అమ్మ ఏం చేసినా నీ మంచికే చేస్తుందన్నాడు.

గువ్వ అటు తిరిగింది. "నాన్నా, లిఫ్టు మూడో అంతస్తు దాకానే పోయి ఆగిపోతుంటే, పాపం ఎక్కేవాళ్ళకు అంత చాలులే అని వదిలేసి వస్తావా?"

నాన్న తువ్వాలుతో తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అన్నయ్యకు నాలుగు మార్కులు తగ్గితే ఇల్లు ఎగిరిపోతుంది. నాకు సగం వస్తే చాక్లెట్లు పంచుతారు. నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నామీద మీకు ఆశే లేదని ఇవాళ తెలిసింది" అంది గువ్వ. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదని అందరికీ అనిపించింది.

అమ్మ కూతురి భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. డాక్టరు మాట పక్కనపెట్టి, చిరిగిన గొంతుతోనే చెప్పింది. "గీత దాటి ఒకసారి నేను చదివి చూశానే. ఒక్క ముక్క అర్థం కాలేదు. నీకు చదివితే నువ్వు అడుగుతావు, నేను చెప్పలేను. అదొకటి. ఇంకోటి, నువ్వు పరీక్ష తప్పితే నేను చూడలేను."

"చూడాల్సింది నువ్వు కాదుగా అమ్మా. రాయాల్సింది నేను."

అమ్మ బట్టల మూట మీద కూలబడి ఏడ్చింది. గొంతు లేని ఏడుపు వినడానికి మరీ కష్టంగా ఉంది. అసలే ఒంట్లో బాగోలేదు, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటా అని నాన్న విసుక్కున్నాడు. ఎప్పుడూ మనవరాలిని వెనకేసుకొచ్చే నాయనమ్మ ఈసారి కోడలి పక్కన కూర్చుని వీపు రాసింది. రాస్తూనే మాట మాత్రం దాచుకోలేదు.

"చంక దింపకుండా మోస్తే పిల్లకు కాళ్ళెప్పుడొస్తాయి? నువ్వొక్కదానివే కాదులే. అందరం మోశాం."

ఆ రోజునుంచి అన్న చదివాడు, గువ్వ విన్నది. వాడికి ఓపిక లేదు, పంతులుగిరీ మాత్రం బోలెడు. తప్పు అంటే తప్పు అనేవాడు. మళ్ళీ చెయ్యి అనేవాడు. నాన్న సుద్దముక్కలు తెచ్చి, కొట్టు గది నేలమీద అరచేతంత అంకెలు రాసిపెట్టేవాడు. వాటిని తొక్కకుండా బట్టలు తెచ్చి ఇచ్చేవాళ్ళు గోడవారగా నడిచేవాళ్ళు. అమ్మ ఇస్త్రీ చేస్తూ అన్నీ వినేది. తను దాటేసిన పేజీల్లో ఏముందో ఆమెకూ అప్పుడే మొదటిసారి తెలుస్తోంది. ఏళ్ళ చదువు వారంలో మింగడం ఎవరి తరమూ కాదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

పరీక్ష అయింది. ఫలితాల రోజు అమ్మ కొట్టు మూసి కూతురితో బడికి వెళ్ళింది. గొంతు కాస్త తిరిగి వచ్చింది, కానీ ఇంకా బొంగురుగానే ఉంది. స్టాఫు రూములో టీచరు ఇద్దరికీ కుర్చీలు వేయించింది. గువ్వకు వచ్చినవి నూటికి ముప్పై ఎనిమిది. పన్నెండు తక్కువ. ఆ మాట చెప్పేటప్పుడు టీచరు ముఖంలో బాధ లేదు. పైగా నవ్వుతోంది.

"తనకిది చాలా గొప్ప. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఆ పన్నెండూ మేం కలిపేస్తాం. గ్రూపులో చేర్చుకుంటాం. ఇలాంటి పిల్లలకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

అమ్మ చేతులు అలవాటుగా దణ్ణం పెట్టడానికి లేచాయి. సగంలో ఆగాయి. ఆమె కూతురి వైపు తిరిగి, నువ్వేమంటావు అని అడిగింది. ఎన్నడూ అలా అడిగి ఎరగదు.

 గువ్వ కోరుకున్న సీటు చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఊ అంటే చాలు. కుర్చీ అంచును పట్టుకుని ముందుకు జరిగింది. ఆ పిల్ల ఊ అనబోతోందని అమ్మకు తెలిసిపోయింది. తప్పని కూడా అనిపించలేదు. తనూ అలాగే కదా అంది ఒకప్పుడు.

"ఒక మాట చెప్తాను మేడం" అంది అమ్మ. "వంతెన అవతలినుంచి మేం నలుగురు పిల్లలం ఈ వైపు బడికి వచ్చేవాళ్ళం. మాస్టారు చాలా మంచివాడు. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. లెక్కల్లో నేను తప్పితే, పోనీలే, వీళ్ళకు ఇదే ఎక్కువ అని మార్కులు కలిపి పాస్ చేశాడు. మా నాన్న ఆయనకు వంగి దణ్ణం పెట్టాడు. పై క్లాసులో నాకేమీ అర్థం కాలేదు. అడగాలంటే సిగ్గు. బడి మానేశాను. ఎందుకు మానేశావని కూడా ఎవరూ అడగలేదు."

అమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"మొన్నమొన్నటిదాకా ఆయన్ని దేవుడనుకున్నానే. నీకు వద్దని చెప్పను. నీ ఇష్టం. నాకు జరిగింది చెప్పానంతే."

 గువ్వ టీచరు వైపు తిరిగింది.

"వద్దు మేడం. తప్పినవాళ్ళకు సెలవుల తర్వాత మళ్ళీ పరీక్ష పెడతారుగా. వాళ్ళతో పాటు రాస్తాను."

"అప్పుడూ రాకపోతే?"

"అందరిలాగే ఏడుస్తాను."

టీచరు నవ్వు మాయమైంది. చెడ్డ మనిషి కాదు. ఇన్నాళ్ళూ తను పెట్టిన పెన్సిలు గీతలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడినట్టు తల దించుకుంది. తర్వాత జవాబు పేపరు తీసి అమ్మ చేతికిచ్చింది. సెలవుల్లో మిగతావాళ్ళకు పెట్టే క్లాసులకు గువ్వను కూడా రమ్మంది. బోర్డుమీద రాసే ప్రతి అంకెనూ ఇకనుంచి పైకి చదువుతానంది. 

ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. కూతురికి లోలోపల కోపం ఉందేమోనని అమ్మకు భయం. చేతిలోకి వచ్చినదాన్ని వదిలేయించానే అని బాధ. ఏం చెయ్యాలో తోచక, నడుస్తూనే జవాబు పేపరు మడత విప్పి చూడటం మొదలుపెట్టింది. ఒక చోట అడుగు ఆగిపోయింది.

"ఇదేంటే? ఏడూ ఎనిమిదీ పదహారా?"

అమ్మ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"లెక్కంతా సరిగ్గా కట్టి, చివర కూడికలో తప్పుతావా? బట్టల లెక్క నోటితో చెప్పేదానివి, ఏడూ ఎనిమిదీ కూడటం రాదా? అంత తొందరేమొచ్చింది? మళ్ళీ ఒకసారి చూసుకోనక్కర్లేదా? ఊరికే పోయాయి కదే మార్కులు!"

బొంగురు గొంతు వీధి మధ్యలో లేచింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. అమ్మకు అదేమీ పట్టలేదు. నిజంగానే ఒళ్ళు మండిపోయింది ఆమెకు. తల తిప్పి చూసేసరికి గువ్వ చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. అమ్మ బెదిరిపోయింది.

"గట్టిగా అనేశానా తల్లీ?"

గువ్వ తల అడ్డంగా ఊపింది. అమ్మ చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూనే నవ్వుతోంది.

"తర్వాత లెక్క కూడా చూడమ్మా. అందులో ఇంకా ఘోరంగా తప్పాను."

అమ్మ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. కాగితం వెనక్కి తిప్పి, నడుస్తూ నడుస్తూనే తర్వాత లెక్క పైకి చదవసాగింది.