సత్యం వేషం

టెక్సాస్‌లోని కాపెల్ ఊళ్ళో తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఉదయం ఓ చర్చి హాల్లో అమెరికన్ల ఆరాధన ముగిసి, వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే, మధ్యాహ్నం రెండింటికి అదే హాలు మనవాళ్ళ చేతికొస్తుంది. ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక, ఈస్టర్ నాటకం రిహార్సల్ కోసం పర్సిస్ పిల్లల్ని ఉంచుకుంది.

నాటకం ఆమే రాసింది. మధ్యయుగాల క్రైస్తవ కావ్యాల్లో దేవునికి నలుగురు కూతుళ్ళు: సత్యం, నీతి, కృప, సమాధానం. పాపి తీర్పుకి నిలబడితే మొదటి ఇద్దరూ ఎడమచెయ్యి పట్టుకుని నేరం మోపుతారు. తక్కిన ఇద్దరూ కుడిచెయ్యి పట్టుకుని క్షమించమని వేడుకుంటారు. నలుగురికీ మొహం కప్పే తెల్లముసుగే వేషం. కృప వేషం పర్సిస్ కూతురు ప్రిస్సిల్లాది. నీతి, సమాధానం సామ్యూల్ గారి కవలలు. సత్యం వెయ్యాల్సిన షారన్ ఇంకా రాలేదు. పాపి వేషానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. లోకంలో పాపులకి కొదవా? అయినా చివరికి పర్సిసే నిలబడాల్సి వచ్చింది.

నాలుగింటికి ఆకాశం పచ్చబారింది. టోర్నడో సైరన్ మొదలైంది. పిల్లల్ని కిటికీలు లేని కారిడార్‌లోకి తోసి, పర్సిస్ తలుపు మూసింది. కారిడార్ చివర నాలుగో తెల్లముసుగు నిలబడి ఉంది.

"షారన్! ఎప్పుడొచ్చావే?"

ముసుగు తల ఊపింది. పిల్లలు భయపడకుండా ఉండాలని పర్సిస్ అక్కడే రిహార్సల్ మొదలుపెట్టింది. నాలుగు చేతులు ఆమె చేతుల్ని పట్టుకున్నాయి. ఎడమవైపు నుంచి అమృతాంజనం వాసన వచ్చింది.

"నీ గడ్డ ఎలా పోయిందో మళ్ళీ చెప్పు," అంది సత్యం.

నాటకంలో ఆ మాట లేదు. పైగా ఇక్కడ పుట్టిన షారన్‌కి 'ళ' పలకదు. ఇది నిఖార్సయిన గుంటూరు గొంతు. అంతలో ఫోన్ మోగింది. షారన్ వాళ్ళమ్మ మెసేజ్: "సారీ అక్కా, దానికి ఫీవర్. ఇవాళ పంపలేదు."

లైట్లు పోయాయి.

రెండేళ్ళ క్రితం పర్సిస్‌కి రొమ్ములో గడ్డ. సంఘం ఆడవాళ్ళు నలభై రోజులు ఉపవాసముండి ప్రార్థించారు. ఆమె హ్యూస్టన్ వెళ్ళి గుట్టుగా ఆపరేషన్ చేయించుకుంది. వాళ్ళని చిన్నబుచ్చలేక, "కత్తి పడకుండా ప్రార్థనతోనే కరిగిపోయింది," అని ఆరాధనలో అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతికింది. ముందు వరసలో కూర్చున్న జ్ఞానమ్మ గారు ఆ మాట నమ్మి, తన కీమో మానేశారు. మొన్న జనవరిలో పోయారు. ఆవిడ ఎప్పుడూ అమృతాంజనమే రాసుకునేవారు.

"చెప్పమ్మా పర్సిస్..." గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. "కత్తి పడిందా, లేదా?"

గోడల అవతల గాలి ఊళ పెడుతోంది. ప్రిస్సిల్లా ఆమె కుడిచేతిని గుంజింది.

"మమ్మీ... ఎవరు అది?"

ఒక్క మాట చాలు. కానీ చెబితే కూతురు వింటుంది. కవలలు వింటారు. రేపటికి సంఘమంతా వింటుంది. జ్ఞానమ్మ గారి పిల్లలు వింటారు... సిగ్గే గెలిచింది.

"ప్రార్థనతోనే... పోయింది."

ఎడమవైపు పట్టు బిగుస్తుందనుకుంది. బిగియలేదు. ఆ చెయ్యి మెల్లగా వదిలేసింది.

"సరేనమ్మా. నన్ను పొమ్మన్నచోట కృప ఒక్కతే నిలవదు."

కుడిచేతిలోంచి ప్రిస్సిల్లా చిన్నవేళ్ళు జారాయి... ఒకటి... ఇంకొకటి... పర్సిస్ గట్టిగా పట్టుకోబోయింది. చేతికి గాలే తగిలింది.

లైట్లు వచ్చాయి. సైరన్ ఆగింది. కవలలు ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తున్నారు. నాలుగో ముసుగు లేదు. ప్రిస్సిల్లా గోడకానుకుని, ముసుగు తీసి, కులాసాగా కూర్చుంది. పర్సిస్ పరుగెత్తి కూతుర్ని గుండెలకి హత్తుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

పిల్ల మర్యాదగా విడిపించుకుంది. ఓ అడుగు వెనక్కి వేసి, పరాయివాళ్ళని చూసి నవ్వినట్టు నవ్వింది.

"ఐయామ్ ఓకే, ఆంటీ. మా మమ్మీ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఇక్కడ వెయిట్ చెయ్యొచ్చా?"