మండితే పనిచేస్తున్నట్టే

ఆ ఉదయం కూడా టీచరమ్మ వెల్లుల్లి రసం గిన్నె ముందు పెట్టుకుని, వంటింటి కిటికీ పక్కన వీడియోకి సిద్ధమైంది. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు ఆవిడది. ఉద్యోగం మానేశాక ఆ గొంతుకి ఊడే జుట్టు గురించి చెప్పే పని దొరికింది. ఫోను పట్టుకునేది భర్త. నున్నటి బట్టతల మనిషి కాబట్టి ఆయన చోటెప్పుడూ ఫోను వెనకే.

"కాస్త ఎత్తి పట్టుకోండి. కిందనుంచి తీస్తే లావుగా కనిపిస్తాను."

"అది ఫోను తప్పు కాదే" అన్నాడాయన.

"చాల్లెండి! చిన్నదాన్ని పిలవండి, గిన్నె పట్టుకుంటుంది."

చిన్న కూతురు తలుపు తీయలేదు. తలనొప్పి అంది లోపల్నుంచే. కొన్నాళ్లుగా ఇంట్లో కూడా తలకి స్కార్ఫ్ కట్టుకునే తిరుగుతోంది. కాలేజీ పిల్లల ఫ్యాషన్ కాబోలనుకుని టీచరమ్మ పట్టించుకోలేదు.

ఆవిడ వీడియోలన్నిటికీ పెద్ద కూతురి జుట్టే సాక్ష్యం. కాన్పు తర్వాత దానికి దువ్వెన పెడితే చాలు, గుప్పెడు వెంట్రుకలు ఊడొచ్చేవి. తల్లి పట్టుబట్టి రసం రాసింది. కొన్ని నెలలకు జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది. ఆ ఫోటోలు చూసి ఎంతోమంది నమ్మారు. అందరికంటే ఎక్కువగా నమ్మింది ఆవిడే.

ఆ పూటే పెద్ద కూతురు చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చింది. నేరుగా చెల్లెలి గదిలోకి వెళ్లి, కాసేపటికి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అమ్మా, అదాపి ఒకసారి ఇలా రా" అంది.

చిన్నది మంచం మీద తల వంచుకుని కూర్చుంది. స్కార్ఫ్ లేదు. నడినెత్తిన గుండ్రంగా కొంత మేర జుట్టే లేదు. అక్కడి చర్మం కమిలిపోయి, పొక్కులు చితికి పచ్చిపుండులా ఉంది.

"ఏమిటే ఇది? ఏం రాసుకున్నావ్?"

"నువ్వు చెప్పిందే. జుట్టు ఊడిపోతుంటే భయమేసింది. టీచరమ్మ కూతురికే ఇలాగైతే నీకెంత చిన్నతనం! అందుకే చెప్పకుండా రాసుకున్నా."

"మండలేదటే?"

"ప్రాణం పోయేలా మండింది. మండితే పనిచేస్తున్నట్టే అన్నావుగా వీడియోలో. పళ్ల బిగువున ఓర్చుకున్నా."

ఆ మాట ఆవిడ ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. మాట్లాడే ఊపులో నోటికొచ్చింది, అనేసింది.

"అక్కకి పనిచేసింది కదే..."

"నాకూ పనిచెయ్యలేదమ్మా" అంది పెద్దది. "కాన్పయ్యాక ఊడింది దానంతటదే వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నువ్వంత మురిసిపోతుంటే చెప్పడానికి మనసొప్పలేదు."

టీచరమ్మ వెనకే వచ్చి నిలబడ్డ భర్త వైపు తిరిగింది. "మీరైనా ఒక్కమాట అనలేదేం?"

"నా తలకీ ఏడాది పాటు రాశావు" అన్నాడాయన మెల్లగా. "దానిమీద ఒక్క వీడియో అయినా చేశావా?"

ఆవిడ చిన్నదాని పక్కన కూలబడింది.

"రాసుకునే ముందు నన్నొక్కమాట అడక్కపోయావా తల్లీ?"

"అడిగేదేముందమ్మా? అంతమందికి చెప్తున్నావంటే నిజమే అయ్యుంటుందనుకున్నా."

టీచరమ్మ కూతురి చేతులు పట్టుకుని భోరుమంది.

చర్మాల డాక్టరు పుండుకి మందు రాసిచ్చి, అది మానాక జుట్టుకి వైద్యం మొదలుపెడదామన్నాడు. ఇంటికొచ్చాక టీచరమ్మ ఫోను తెరిచి ఆ వీడియో కింది మాటలు చదివింది. 'మంట తట్టుకోలేకపోతున్నాను టీచరమ్మా' అని ఎవరో అడిగారు. 'ఓర్చుకో తల్లీ, ఫలితం ఉంటుంది' అని కింద తన జవాబు. అలాంటివి చాలా ఉన్నాయి.

"వీడియో తీసేయ్, పోతుంది" అన్నాడు భర్త.

"తీసేస్తే, రాసుకుని కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుందండీ? ముందు వాళ్లకి చెప్పాలి."

మొదటి పేరు దగ్గర వేలు పెట్టింది గానీ, కన్నీళ్లకి అక్షరాలు కనబడలేదు. చిన్నది వచ్చి ఆవిడ చేతిలో ఫోను తీసుకుంది.

"నువ్వు చెప్పమ్మా, నేను రాస్తా."

"కడిగేసుకో తల్లీ" అంది టీచరమ్మ. "వెంటనే డాక్టరుకి చూపించుకో. నేను చెప్పింది తప్పు. నా కూతురి తలే కాలింది."

చిన్నది ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదీ రాసింది.