‘అని’కి ముందు కోసిన మాట

"ఈ వీడియో కోసింది ఎవురు?"

తడిసిన చున్నీ పిండుకుంటూ మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట కార్తీక మాసపు వాన తిరుపతిని నానబెడుతోంది. కొర్లగుంటలో ఒక సెల్‌ఫోన్ షాపు మీద రెండు గదుల్లో నడిచే యూట్యూబ్ ఛానల్ మాది. మైకు పట్టుకునేది, పెత్తనం చేసేది ధనశేఖరన్న. కంప్యూటర్ ముందు కూర్చునేది నేను, మునీంద్ర.

ఆమె పేరు మహిత అని నాకు తెలుసు. ఎడమ కనుబొమ పైన చిన్న మచ్చ ఉందనీ, మాట వెతుక్కునేటప్పుడు కింది పెదవి కొరుకుతుందనీ కూడా తెలుసు. వారం కిందట ఆ ముఖాన్ని ఫ్రేము ఫ్రేముగా చూసింది నేనే.

ధనశేఖరన్న కుర్చీ కూడా తిప్పలేదు. "ఏందమ్మా, ఇరవై లక్షల మంది చూసినారు నిన్ను. హీరోయినువైపోయినావు. సంతోషపడాల గదా?"

"తీసేయండన్నా. మా నాయన కాలేజీ మాన్పించేసినాడు."

"తీసేసేది మా చేతుల్లో ల్యా. ఆల్రెడీ వంద పేజీలోళ్ళు వేసుకున్నారు. పో తల్లీ."

జరిగింది ఇది. డిగ్రీ కాలేజీ గేటు దగ్గర ధనశేఖరన్న ఆడపిల్లల ముందు మైకు పెట్టి, "లవ్ మ్యారేజా, అరేంజ్డా?" అని అడిగాడు. మహిత చెప్పింది: "ప్రేమ కోసం అమ్మానాయన్నయినా వదిలేస్తా అని మా క్లాసులో కొందరంటారు. నేను అనలేను. మా నాయన మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకోని నన్ను చదివిస్తా ఉండాడు."

ధనశేఖరన్న నా భుజం తట్టి, "వదిలేస్తా దగ్గర కొయ్," అన్నాడు. కోశాను. ‘అని’కి ముందు. ఒక్క క్లిక్కు.

మిగిలిన ఆ నాలుగు మాటల్ని కుర్రకారు పండగ చేసుకున్నారు. వెనక పాట కలిపారు. ఆడపిల్లలు ఆమె గొంతుకు పెదవులు కదిపారు, మగపిల్లలు దండాలు పెట్టి వెక్కిరించారు. స్కూలు ఆటోల్లో అదే డైలాగు. కామెంట్లలో పెద్దవాళ్ళు రాసినవి నేనిక్కడ రాయలేను.

మహిత మెట్లు దిగిపోయింది. గొడుగు తీసుకుని వెనకాలే పరిగెత్తాను.

"బస్టాండు దాకా వస్తా. తడిసిపోతావు."

"ఇంగేం తడిచేది ఉండాదన్నా?"

నిజమే. అయినా ఆగింది. ఆ ‘అన్నా’ మాత్రం వాన కన్నా చల్లగా తగిలింది నాకు.

"కోసింది ఎవురు?" మళ్ళీ అడిగింది.

నోరు తెరిచాను. "ఒకబ్బాయి. మానేసినాడు," అన్నాను.

"వాడు దొరికితే ఒకటే అడగాల. ‘అనలేను’ అనింది నీకు ఇనపడలేదా అని."

వాళ్ళ ఊరు నగరికి బస్సు ఎక్కించి, ఆ వీడియోలు తీసేయించేదానికి చూస్తానని నా నంబరిచ్చాను. ఆమె ఫోను నాయన లాక్కున్నాడు. అందుకని సాయంత్రాలు వాళ్ళమ్మ ఫోనులోంచి చేసేది. వెనక పవర్‌లూమ్‌ల మోత. సగం మాటలు ఆ మోతకే పోయేవి.

"రిపోర్టు కొట్టినావా?"

"కొట్టినా. ఈరోజు పదకొండు పేజీలు. మూడు తీసేసినారు."

"పర్వాల్యా. పని చేస్తా ఉండావే!"

పదిహేను రోజులకు మా మాటలు రిపోర్టులు దాటిపోయాయి. ఒకరోజు, "నేను తిన్నానా అని ఒక్కరోజన్నా అడిగినావా?" అంది.

"అన్నను చెల్లెలు అడగాల గదా ముందు," అన్నాను.



"ఇంగ నిన్ను అన్నా అనను."

"మరి ఏమని పిలుస్తావు?"

"ఏమీ పిలవను. పలికితే పలుకు, లేకుంటే ల్యా!"

ఆ మాటకు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంతలోనే కూలబడ్డాను. ఆమె ఇష్టపడుతున్నవాడు, ఆమె మాటను కోసినవాడు ఒక్కడే. కోయని వీడియో నా కంప్యూటర్లోనే ఉంది. బయటపెడితే ఉద్యోగం పోతుంది. ఆ భయం లేదని అనను. అంతకన్నా పెద్ద భయం, ఆ సాయంత్రపు ఫోను ఆగిపోతుందని. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెల గడిపేశాను.

ఒక సాయంత్రం ఆమె గొంతులో ఏదో ఆరిపోయినట్టు వినిపించింది.

"మా మోనిక కూడా చేసింది."

మోనిక ఆమె చెల్లెలు. ఇంటర్ మొదటి సంవత్సరం.

"ఏం చేసింది?"

"ఆ డైలాగు. నా గొంతుకు పెదవులు కదిపి, నవ్వతా. మూడొందల లైకులు. అడిగితే, క్లాసులో అందురూ చేసినారంట. ఇది చేయకుంటే ‘మీ అక్క కదా, అందుకే సిగ్గు’ అంటారంట. గ్రూపులో కలుపుకోరంట."

"తిట్టినావా?"

"ల్యా. పదహారేళ్ళప్పుడు నేనైనా అదే చేసుంటానేమో." ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకంత భయం వేసేది కాదు. "నా గొంతు ఇంటే నాకే అసహ్యంగా ఉండాది. ఇంట్లో మాట్లాడేది తగ్గించేసినా. నీతో కూడా ఇంగ మాట్లాడను. ఏమీ అనుకోవద్దు."

మరుసటి ఉదయం వీడియో మొత్తం నా పేజీలో పెట్టాను. చివర నా ముఖం పెట్టి, "కోసింది నేనే. పేరు మునీంద్ర. ఊరు పూతలపట్టు," అని చెప్పాను.

మధ్యాహ్నానికి ధనశేఖరన్న ఆఫీసు తాళాలు నా దగ్గర తీసేసుకున్నాడు. "పిచ్చోడా! దీన్ని ఎవుడు చూస్తాడురా?" అన్నాడు. ఆయన అన్నది నిజమే. సాయంత్రానికి నాలుగొందల పన్నెండు మంది చూశారు. కింద ఒకడు రాశాడు: ‘ల్యాగ్ ఎక్కువుంది బ్రో.’

తర్వాతి రోజు నగరి పోయాను. షెడ్డులో ఆరు పవర్‌లూమ్‌లు నడుస్తున్నాయి. వాటి మధ్య మహిత నాయన, ఏకాంబరం.

"మీ బిడ్డ మాట కోసింది నేను," అన్నాను. వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ఆ అరుపుకు పనివాళ్ళు తిరిగి చూశారు. ఇంట్లోంచి మహిత బయటికొచ్చింది. ఆమెకు ఒక్కదానికి మెల్లగా చెప్పుకోవలసిన మాట అది. పదిమందిలో అరిచి చెప్పాను. ఆమె ముఖంలో రంగు మారడం చూశాను.

ఏకాంబరం మగ్గాలు ఆపించాడు. నా ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఇనపడల్యా."

మళ్ళీ పెట్టాను.

"ఇనపడల్యాప్పా."

మహిత నా వైపు చూడకుండా వచ్చింది. నాయన చెవి దగ్గర వంగి, ఆ మాటను మొదటి నుంచి చివరిదాకా తానే చెప్పింది. ‘చెవులు పోగొట్టుకోని’ అన్న దగ్గర గొంతు తడబడింది. అయినా ఆపలేదు.

ఏకాంబరం ముఖం తిప్పుకున్నాడు. తెగని దారాన్ని కాసేపు సరిచేశాడు. "ఇంతేనా నువ్వు అనింది?" అన్నాడు. ఆ తర్వాత, "రేపట్నుంచి కాలేజీకి పో," అన్నాడు.

అప్పుడు తిరిగింది మహిత నా వైపు.

"నెలరోజులు నా బాధంతా ఇన్నావు. ఇంటా ఇంటానే అబద్ధం చెప్పినావు. పో."

పోయాను.

పూతలపట్టులో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు చేసే పనిలో చేరాను. మూడు నెలలు గడిచాయి. పిల్లలు ఇంకో డైలాగుకు మారిపోయారు. ఇంకో అమ్మాయి గొంతు. అది ఎవరు కోశారో నాకు తెలియదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మహిత చిత్తూరు బస్సు దిగి స్టూడియోలోకి వచ్చింది. నగరి నుంచి తిరుపతికి పుత్తూరు మీదుగా పోతారు. పూతలపట్టు ఆ దారిలోనే లేదు.

"పరీక్షలు అయిపోయినాయి," అంది.

"బాగా రాసినావా?"

"హాల్లో ఇద్దురు ఇంకా ఆ డైలాగు చెప్పి నవ్వినారు. రాసినా."

ఫ్యాను తిరుగుతోంది. ఆమె గోడ మీది పెళ్ళిఫోటోలన్నీ శ్రద్ధగా చూస్తోంది, అందరూ తనకు చుట్టాలైనట్టు.

"నువ్వంటే నాకు ఇష్టం మహితా," అన్నాను. ఇంత ఆలస్యంగా, ఇంత చెమటతో ఎవరూ ఈ మాట చెప్పి ఉండరు.

"నాక్కూడా. అదే నా కర్మ." పెదవి కొరుక్కుంది. "కానీ నమ్మకం ల్యా. ఇష్టం వేరే, నమ్మకం వేరే. మా ఇంటికొచ్చి ఇదే మాట మా నాయనకు చెప్పు. నిన్ను ఎల్లగొడతాడు."

"అప్పుడేం చేసేది?"

"మళ్ళా రా."

మొదటి ఆదివారం ఏకాంబరం వాకిలి చూపించాడు. రెండో ఆదివారం మహిత అమ్మ రంగనాయకమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "తాగి పో నాయనా, కోపంగా ఉండాడు," అంది. మూడో ఆదివారం షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మగ్గాలు ఆపి, చేతులు తుడుచుకుని, నా దగ్గరికొచ్చాడు.

"మా పిల్లకు జరిగింది ఇంగ పోదు. తెలుసునా నీకు?"

"తెలుసు."

"పెండ్లయినా పోదు. రేపు దాని బిడ్డలకు కూడా ఎవుడో ఒకడు సూపిస్తాడు."

"చూపిస్తారు," అన్నాను. "కోసింది నేనే అని ఆ బిడ్డలకు నేనే చెప్తా. ఎవుడో చెప్పకముందే."

ఆయన తల ఊపలేదు. నవ్వలేదు. కాలితో ఒక స్టూలు నా వైపు జరిపాడు.

"కూర్చో," అన్నాడు.