ఫిదెన్సియో గడప మీది నల్ల చిమ్మటలు

మూతబడ్డ కిత్తనార మిల్లు వెనక ఇంజను గది ఉంది చూశారూ — చీకటిపడితే మా ఊళ్లో ఎవరూ అటు పోరు. అక్కడ నల్ల చిమ్మట వాలుతుంది. సీతాకోకలాంటి రాత్రిపురుగు — అరచెయ్యంత రెక్కలు, రెక్కకో కన్నులాంటి మచ్చ. జబ్బుమనిషి గుమ్మం మీద అది వాలితే ఇక మందులు దండగ అంటారు. మా మాయా తెగవాళ్లు దానికి పెట్టిన పేరు — ఇల్లు అరువడిగేది.

ఫిదెన్సియో ఆ గదిలోనే ఉండేవాడు; ఆ ఏడు వానల్లో జ్వరంతో పడ్డాడు. మిల్లు సమ్మెలో నా పక్కన నిలబడి లాఠీదెబ్బలు తిన్నవాడు. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. మూడోరోజు చిమ్మట వాలింది. అంతే... లోపల అడుగుపెట్టినవాడు లేడు.

ఎనిమిదో రాత్రి తొమాసా వెళ్లింది. మా పక్కింటి మనిషి. ఆమె చెప్పిందే చెబుతున్నాను.

లాంతరు వానకి ఆరిపోయింది. గడప దగ్గర కాలికింద ఏదో మెత్తగా... జారింది. చెంపకి రెక్క తగిలింది. ఒకటి కాదు — పది, ఇరవై... చీకటే కొట్టుకుంటున్నట్టు.

"రాకక్కా..." లోపల్నించి గొణుగుడు. "నాకోసమే వచ్చింది."

"మనిషి మొహం చూసి ఎన్నాళ్లయిందిరా?"

"అయిదు రోజులు. అదొక్కటే వస్తోంది."

"ఊరందరికంటే దానికే మర్యాద తెలుసన్నమాట!"

అంటూనే తడుముకుంటూ అతను పడుకున్న వల ఊయల దాకా వెళ్లి నోట్లో నీళ్లు పోసింది.

"తాగు. చావాలంటే రేపు చద్దువుగాని. అది ఏటా సముద్రాలు దాటి ఎగిరిపోయే పురుగని బడి పంతులమ్మ చెప్పలా? తెల్లచార ఉంటే ఆడదట. చదువుకున్నోళ్లు దాన్ని ఓ పురుగుల కుటుంబంలో రాశారు, తప్పని కొట్టేసి ఇంకోదాంట్లో రాశారు. చావుకి చుట్టాన్ని చేసింది మనమే."

"మరి ఇన్ని... నా గడపకే ఎందుకక్కా?"

తొమాసా గోడ తడిమింది. గూట్లో అగ్గిపెట్టె దొరికితే లాంతరు ముట్టించి, గుమ్మంవైపు ఎత్తింది.

గడప నిండా అరటిపళ్ల అత్తాలు. కుళ్లి, నల్లబడి, కల్లు కంపు కొడుతూ... లోపలికి రాలేక ఊరంతా బయట పెట్టి పారిపోయిన పళ్లు. లేవలేనివాడు ఎలా తింటాడు? ఆ పులిసిన రసం తాగుతున్నాయి చిమ్మటలు. మొదటిది దారినపోతూ వాలింది. మిగతావాటిని పిలిచింది మేమే.

ఫిదెన్సియో బతికాడు. మాతో మాట మాత్రం మానేశాడు.

తెల్లారాక తొమాసా మా గుమ్మంలోకొచ్చింది. ఒక అత్తానికి కట్టి ఉన్న తువ్వాలు విప్పి తెచ్చి, నా చేతిలో పెట్టింది. నాదే.