రాజీకి వెళ్ళొద్దు

కోర్టు లిఫ్ట్ రావడం లేదు.

కెబ్బా మెట్లవైపు పరిగెడతాడు.

నాలుగో అంతస్తు... మూడు... రెండు. చేతిలో కోర్టు కాగితం. చెవి దగ్గర ఫోన్. అవతల భార్య సీరా ఆయాసం వినిపిస్తోంది.

"మామ ఎప్పుడు బయల్దేరాడు?"

"అరగంట అయ్యుంటుంది. నేను పని నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. ఫోన్ దిండు కిందే వదిలేసి వెళ్ళాడు. నేను చేస్తుంటే అక్కడే మోగుతోంది."

"ఒక్కడేనా?"

"మసీదు పెద్దలిద్దరు కూడా వెళ్ళారట. ముగ్గురూ తెల్ల అంగీలు వేసుకున్నారని పక్కింటావిడ చెప్పింది. నిన్న తెచ్చిన కోలా గింజల పొట్లం కూడా కనబడటం లేదు, కెబ్బా."

కాలు మెట్టు తప్పుతుంది. రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంటాడు.

కోలా గింజలు!

కొరికితే చేదుగా ఉండే ఆ గింజలు వాళ్ళ గాంబియాలో ఉత్తినే ఎవరూ ఎవరికీ పట్టుకెళ్ళరు. పెళ్ళి అడగడానికి. బిడ్డకి పేరు పెట్టడానికి. లేదా క్షమించమని అడగడానికి.

నుహా మామ బిరాన్ ఇంటికే వెళ్తున్నాడు. మేనల్లుడి తరఫున రాజీ అడగడానికి.

పది నిమిషాల క్రితం జడ్జి వద్దన్నది సరిగ్గా అదే. బిరాన్ ఫాయ్ దగ్గరికి నువ్వు వెళ్ళకూడదు. అతని ఇంటి ఛాయలకి పోకూడదు. ఫోన్ చేయకూడదు, రాయకూడదు. నీ తరఫున ఇంకొకరిని పంపకూడదు.

ఇంకొకరిని.

కెబ్బా కింద సంతకం పెట్టాడు. అర్థమైంది, అన్నాడు.

ఇదంతా మూడు వారాల నాటి గొడవ. శుక్రవారం నమాజు ముందు, న్యూయార్క్ బ్రాంక్స్‌లో మసీదు ఎదురుగా, కారు పెట్టే చోటు కోసం మాటా మాటా పెరిగింది. ఇద్దరూ టాక్సీ నడిపేవాళ్ళే. బిరాన్ వయసులో పదిహేనేళ్ళు పెద్ద. కెబ్బా ఒక్క తోపు తోశాడు. బిరాన్ ఫుట్‌పాత్ అంచు మీద పడ్డాడు. కనుబొమ్మ చిట్లింది. దారిన పోయేవాళ్ళెవరో పోలీసుల్ని పిలిచారు.

స్టేషన్‌లో వేలిముద్రలు, ఫొటో, ఆరు గంటల బెంచీ. చివరికి ఒక చీటీ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఫలానా తేదీ, పొద్దున తొమ్మిదిన్నర, క్రిమినల్ కోర్టు.

చీటీయే కదా అనుకున్నాడు కెబ్బా. సీరా అలా అనుకోలేదు. మర్నాడు తెల్లారగానే బీదవాళ్ళ తరఫున ఊరికే వాదించే లాయర్ల ఆఫీసుకి ఫోన్ కొట్టింది. వెలెజ్ మేడమ్ దొరికింది. ఆవిడ చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ రోజు హాజరు కాకపోతే వారంట్ వస్తుంది. గొడవ గురించి పోలీసులతో మాట్లాడొద్దు, స్నేహితులతోనూ మాట్లాడొద్దు. ఎదుటి కొట్టు కెమెరాలో బొమ్మ చెరిగిపోక ముందే అడిగి తీసుకోవాలి. గ్రీన్ కార్డు మనిషినని లాయర్‌కి ముందే చెప్పాలి. బిరాన్ జోలికి ఎవ్వరూ పోవద్దు.

కెబ్బా అన్నీ చేశాడు. ఒక్కటి తప్ప.

నుహా మామకి చెప్పలేదు.

తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన మనిషి. చీటీ వచ్చిన సాయంత్రం చాప మీద కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాడు. మనం జోలా తెగవాళ్ళం, బిరాన్ సేరేర్ తెగ మనిషి. ఎప్పుడో ఇద్దరు అక్కచెల్లెళ్ళకి పుట్టిన వంశాలు. ఒకళ్ళనొకళ్ళు వేళాకోళానికి బానిసా అని తిట్టుకోవచ్చు, పళ్ళెంలోంచి లాక్కుని తినొచ్చు. నెత్తురు మాత్రం కళ్ళజూడకూడదు. నువ్వు చూశావు. కోర్టు పని ముగిసిన రోజే నేను కోలా పట్టుకుని వెళ్తాను.

కెబ్బా తల వంచుకున్నాడు. పెద్దవాళ్ళ మాటకి అడ్డం చెప్పడం అతనికి చేతకాదు.

మామ దాన్ని సరే అనుకున్నాడు.

వీధిలోకి వచ్చిపడ్డాడు. చలిగాలి మొహాన కొడుతుంది. నిన్నటి వాన ఇంకా ఆరలేదు. వెలెజ్ మేడమ్‌కి ఫోన్ చేస్తే మోగదు. ఆవిడ ఇంకో కేసులో జడ్జి ముందు ఉంది. మెసేజ్ పెట్టాడు.

పైకెళ్ళి ఆవిడ కోసం ఆగాలా?

ఆగడమే మంచిదేమో. కానీ బస్సు ఆగదు. మామ ఎక్కే బస్సు ఈ పెద్ద రోడ్డు మీదే కిందికి వస్తుంది. బిరాన్ ఉండే చిన్న వీధి ఇక్కడికి ఆరు వీధుల అవతల.

పరుగు అందుకున్నాడు.

ఒక వీధి... రెండు... ఎత్తు రోడ్డు. కోర్టు కోసం వేసుకున్న కొత్త బూట్లు మడమ దగ్గర కొరుకుతున్నాయి.

ఫోన్!

"ఎక్కడున్నావు?" వెలెజ్ మేడమ్ గొంతు.

చెప్పాడు.

"ఆగు. ఉన్నచోటే ఆగు."

ఆగలేదు. పరిగెడుతూనే విన్నాడు. కోర్టు వరండాలో చెప్పినవే ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆరు నెలలు మచ్చ లేకుండా ఉంటే ఈ కేసు కొట్టేయించవచ్చు. ఆ కాగితం మీరితే మాత్రం కొత్త కేసు. ఈసారి చీటీ ఇచ్చి ఇంటికి పంపరు. గ్రీన్ కార్డు మీదికి వస్తుంది.

"మా మామ ఆ గుమ్మం ఎక్కితే, మేడమ్?"



"నువ్వే పంపావంటారు."

"నేను వెళ్ళి ఆపితే?"

"వెళ్ళమని నేను చెప్పను, కెబ్బా. ఆ వీధిలో అడుగు పెట్టకు. బిరాన్ తనే నోరారా పిలిచినా సరే, వెళ్ళకు. ఆ కాగితం నీకూ అతనికీ మధ్య కాదు, నీకూ జడ్జికీ మధ్య."

నాలుగో వీధి. ఐదు.

బస్సు!

రోడ్డుకి అవతల ఆగింది. తలుపు తెరుచుకుంది. తెల్ల అంగీ ఒకటి మెల్లగా దిగింది. రెండోది. మూడోది నుహా మామ. పొట్లం రెండు చేతులా గుండెకి ఆనించుకున్నాడు, పసిబిడ్డలాగా.

"మామా!"

లారీ హారన్‌లో అరుపు కలిసిపోయింది. ముగ్గురూ రోడ్డు దాటారు. మలుపు తిరిగారు.

కెబ్బా ఊపిరి తెగేలా పరిగెత్తి మలుపు దగ్గర ఆగిపోయాడు.

ముందు ఆ వీధి. మూడో ఇల్లు బిరాన్‌ది. మామ పది అడుగుల దూరంలో ఉన్నాడు, వీపు ఇటువైపు. పది అడుగులు వేస్తే భుజం పట్టుకోవచ్చు.

వేయకూడదు.

"మామా... ఆగండి."

నుహా మామ తిరిగి చూశాడు. మొహం వెలిగింది. "వచ్చావా! మంచి పని చేశావు. నువ్వే స్వయంగా అడిగితే ఇంకా మేలు. రా."

"మీరే ఇటు రండి, మామా."

పెద్దలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చిన్నవాడు పెద్దవాణ్ణి పిలవడమా? నడివీధిలో?

మామ వచ్చాడు. ఒక్కో అడుగూ కెబ్బా గుండె మీద వేస్తున్నట్టుంది.

"వేలెత్తి నన్ను రమ్మనేంత పెద్దవాడివి అయ్యావన్నమాట. న్యూయార్క్ బాగానే నేర్పింది."

"వెళ్ళొద్దు, మామా."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మనిషికి మొదటిసారి వద్దని చెప్పాడు.

కాగితం తీసి చూపించాడు. జడ్జి చదివింది తమ భాషలో చెప్పాడు. మీరు ఆ తలుపు కొడితే సాయంత్రానికి నేను లోపల ఉంటాను, ఆ తర్వాత ఈ దేశంలో ఉంటానో లేదో, అన్నాడు. మామ కాగితాన్ని కాదు, మేనల్లుడి మొహాన్ని చూస్తున్నాడు.

"క్షమించమని అడగడం నేరమా?"

"ఇప్పుడు నేరమే, మామా."

"అడగకపోవడం మన దగ్గర నేరం. మరి రేపు దేవుడు అడిగితే నేనేం చెప్పను?"

కెబ్బా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దెబ్బతిన్న మనిషి తన ఇంట్లో భయం లేకుండా పడుకోవాలనే కదా జడ్జి ఆ మాట రాసింది. అది తప్పెలా అవుతుంది? మామ చేతిలో ఉన్నదీ తప్పెలా అవుతుంది?

"మూడు వారాలు తల వంచుకుని ఊరుకున్నావు కదరా. ఒక్క మాట అని ఉంటే?"

"మీకు ఎదురు చెప్పలేక..."

"అదే గౌరవం అనుకున్నావు."

కోపం లేదు ఆ గొంతులో. అదే ఇంకా కష్టంగా ఉంది.

మామ పొట్లం అంగీ జేబులోకి తోశాడు. పెద్దలవైపు తిరిగి, పదండి, ఇంకో రోజు చూద్దాం, అన్నాడు.

ముగ్గురూ వెనక్కి తిరిగారు.

అల్‌హమ్దులిల్లాహ్! అయిపోయింది. ఎవరూ తలుపు కొట్టలేదు. ఎవరూ...

"ఒరేయ్, బియ్యం దొంగల్లారా!"

వెనకనుంచి.

బిరాన్!

మూడో ఇంటి మెట్ల మీద నిలబడ్డాడు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. కనుబొమ్మ మీద తెల్ల పట్టీ. నోరంతా నవ్వు.

"ముగ్గురు బానిసలు నా వీధిలోకి వచ్చి, నా అన్నం ముట్టకుండా పోతున్నారా? మీ తాతలు మా తాతల కుండలు నాకినవాళ్ళే కదా. వాడెవడు, కెబ్బాయేనా? రారా ఇటు."

కెబ్బా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. నోరు తెరవలేదు. మాట్లాడితే అదీ తప్పే.

బిరాన్ మెట్లు దిగాడు. చేతులు చాపుకుని వస్తున్నాడు.

కెబ్బా వెనక్కి తిరిగి నడిచాడు. తర్వాత పరిగెత్తాడు.

వెనక రబ్బరు చెప్పుల టపటప.

"ఆగరా! నాకేం కోపం లేదు! ఆగరా బానిసా!"

తను కొట్టిన మనిషి తనని తరుముతున్నాడు... క్షమించడానికి!

పెద్ద రోడ్డు. సిగ్నల్ మారబోతోంది. ఒక్క ఉదుటున దాటి మధ్యలో ఉన్న దిమ్మె ఎక్కేశాడు. ఇక రాలేడు అనుకున్నాడు.

బ్రేకుల చప్పుడు.

తిరిగి చూశాడు. బిరాన్ రోడ్డు మీద ఉన్నాడు. తడి తారు మీద చెప్పు జారి మోకాలి మీద పడ్డాడు. లేవబోతున్నాడు. లేవలేకపోతున్నాడు. ఎడమవైపు నుంచి బస్సు...

జేబులో కాగితం ఉంది.

ఒక్క సెకను.

కెబ్బా దూకాడు. చంకల కింద చేతులు వేసి లాగాడు. ఇద్దరూ కలిసి దిమ్మె మీదికి దొర్లారు. బస్సు గాలి చెవుల పక్కనుంచి పోయింది.

బిరాన్ అంగీ నిండా వేరుశెనగ పులుసు వాసన. రెండు చేతులూ కెబ్బా మెడ చుట్టూ బిగించాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

"పడేసేదీ నువ్వే, లేపేదీ నువ్వే. పోనీలే. నెత్తురు కడిగేశాం. దేవుడు చూశాడు."

కెబ్బా కళ్ళు మూసుకున్నాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి గుండెలో బరువు దిగింది.

సైరన్!

పోలీసు కారు దిమ్మెకి అడ్డంగా ఆగింది. దాని వెనకే ఒక ఆడమనిషి పరిగెత్తుకొస్తోంది. బిరాన్ భార్య. చేతిలో ఇంకా ఫోన్ ఉంది. ఏడుస్తూనే చెబుతోంది. ఇందాక కోర్టు నుంచి ఎవరో ఫోన్ చేశారట, ఆ మనిషి మీ వీధిలో కనబడితే వెంటనే చెప్పమన్నారట, కిటికీలోంచి మలుపులో అతన్ని చూసింది, భయపడి చెప్పేసింది, గింజల సంగతి తనకి తెలియదు.

పోలీసు కెబ్బా పేరు అడిగాడు. కారులోని తెర మీద చూసుకుని వచ్చాడు.

బిరాన్ కూర్చున్నచోటునుంచే మొదలుపెట్టాడు. సారూ, నేనే తరిమాను. ఇతను నా ప్రాణం కాపాడాడు. నేను క్షమించాను, ఇతను మావాడు, కావాలంటే సంతకం పెడతాను.

పోలీసు అంతా విన్నాడు. కుర్రవాడు. మొహంలో చెడ్డతనమేమీ లేదు.

"అవన్నీ జడ్జికి చెప్పండి. నేను రాసి ఉన్నదే చేయాలి."

నుహా మామ రోడ్డుకి అవతల నిలబడి ఉన్నాడు. సిగ్నల్ ఇంకా మారలేదు.

పోలీసు నడుం దగ్గరనుంచి బేడీలు తీశాడు. వంగి, బిరాన్ భుజం మెల్లగా తట్టాడు.

"పెద్దాయనా, అతన్ని వదలండి."

బిరాన్ వదలలేదు.