రెండో బ్రేకు

"బ్రేక్! బ్రేక్ అన్నానా!"

అతను తొక్కలేదు. పక్క సీట్లోంచి టీచరమ్మే తన బ్రేకు తొక్కింది. ముందున్న వ్యానుకు బెత్తెడు దూరంలో కారు ఆగింది. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అదే లేకపోతే ఈ ఎముకల డాక్టరు ఈపాటికి తన ఆసుపత్రిలో తనే పేషెంటుగా చేరేవాడు.

"సారీ అండీ. ఆ చీలమండ నొప్పి ఎన్నాళ్ళనుంచి?"

"ముందు రోడ్డు చూడండి!"

"బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా పళ్ళు బిగిస్తున్నారు. పాదం పైకి వంచితే ముందువైపు గుచ్చుతుందా?"

ఆమె ఉలిక్కిపడి అతని వంక చూసింది. ఇంట్లో అమ్మకు కూడా తెలియని సంగతి అది.

మర్నాడు ఎక్స్‌రే చూసి అతను తేల్చేశాడు. "చీలమండ ముందు ఎముక బొడిపెలు పెరిగాయి. పాదం వంచినప్పుడల్లా ఒకదానికొకటి తగులుతున్నాయి. రెండు చిన్న రంధ్రాలు చాలు. ఒకదాంట్లోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి వాటిని అరగదీసే పరికరం."

"మళ్ళీ గట్టిగా బ్రేకు తొక్కగలనా?" ఆమె గొంతు తగ్గింది. బ్రేకు ఆలస్యమైతే పోయేది నేర్చుకునేవాళ్ళ ప్రాణం. ఈ కాలు బాగుపడకపోతే ఆమెకు ఆ సీటు దక్కదు.

"తొక్కుతారు. పూచీ నాది."

"అయితే మీరే చెయ్యండి."

"నేను చెయ్యను. మా పెద్ద మేడమ్ చేస్తారు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తనకు మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి, తన కాలు దగ్గరికొచ్చేసరికి తప్పించుకుంటాడా? ఆ వారమంతా క్లాసులో లెఫ్ట్, రైట్ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఆపరేషన్ రోజు అతను స్ట్రెచర్ పక్కనే నడుస్తున్నాడు. ఆమె ఉండబట్టలేకపోయింది. "నా కాలంటే అంత చులకనా?"

"థియేటర్లో నా చెయ్యి ఎప్పుడూ వణకలేదండీ. మీ పక్కన స్టీరింగ్ పట్టుకుంటేనే వణుకుతుంది. అలాంటి చేత్తో మీ కాలు ముట్టుకోను. మీరంటే ఇష్టం నాకు."

స్ట్రెచర్ తోస్తున్న నర్సు నడక నెమ్మదించింది.

"చెప్పడానికి ఇదా టైము? మత్తులో మర్చిపోతే?"

"లేచాక మళ్ళీ చెప్తాను."

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపే రోజుకి అతను కొత్త లైసెన్సుతో, సొంత కారుతో ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. కట్టుకట్టిన కాలితో ఆమె ముందు సీట్లో కూర్చుంది, వాళ్ళమ్మ వెనక.

మలుపులో బస్సు అడ్డంగా దూసుకొచ్చింది. అలవాటుకొద్దీ ఆమె కాలు ముందుకు కదిలింది. అక్కడ బ్రేకు లేదు. కానీ కారు అప్పటికే మెత్తగా ఆగిపోయింది. అతని చేతుల వంక చూసింది. వణకడం లేదు. ఆమె కాలు వెనక్కి తీసుకుని, ఆ సీట్లో మొదటిసారి హాయిగా వెనక్కి వాలింది.

సిగ్నల్ దగ్గర అతను అడిగాడు. "ఇప్పుడు మళ్ళీ చెప్పనా?"

"గుర్తుందిలే. అయినా చెప్పు."

వెనకనుంచి వాళ్ళమ్మ అందుకుంది. "పచ్చ లైటు పడింది బాబూ. అదేదో ఇంటికెళ్ళి, వాళ్ళ నాన్నకు కూడా వినబడేట్టు చెబుదువుగాని."

కారు ఒక్క కుదుపైనా లేకుండా కదిలింది.