కమోర్తా దీవికి బస్సు చార్టు

“అందరం కలిసి అండమాన్ పోదాం! ఆడికెల్లి కమోర్తా దాక పోదాం!” అని యేసుదాసు ప్రకటించగానే, భార్య సమ్మక్క చేతిలోని చాయ్ గిన్నె కింద పడింది. గిన్నెకు సొట్ట పడింది. ఆమె మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు... అదే భయం వేసింది కూతురు స్తుతికి!

“గా దీవి పేరు నా ఇంట్ల తియ్యొద్దన్న! తియ్యొద్దంటే తియ్యొద్దు!”

“అవ్వా, చిన్నమ్మను సూడక ఎన్నేండ్లాయె...”

“నీకు చిన్నమ్మ లేదు. తల్లి మట్టికి రానిది నాకేం చెల్లె?”

యేసుదాసు గొంతు సవరించుకున్నాడు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు కరీంనగర్‌లో బస్సు డిపో కంట్రోలరుగా చేసి మొన్ననే రిటైరయ్యాడు. బంధువుల పెళ్లికి వెళ్లాలన్నా బయలుదేరు సమయం, చేరు సమయం రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించే మనిషి. ఆ చార్టు ప్రకారం ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ చేరలేదు. అది ప్రయాణికుల క్రమశిక్షణారాహిత్యమే తప్ప చార్టు లోపం కాదని ఆయన నమ్మకం.

పదకొండేళ్ల కింద కూడా ఆయన ఒక చార్టు వేశాడు...

సమ్మక్క చెల్లెలు కరుణమ్మ నర్సు. పెళ్లయిన ఏడాదికే భర్త తిమోతితో నికోబార్ దీవుల్లోని కమోర్తాకు వెళ్లి, అక్కడి ఆస్పత్రిలో పనికి కుదిరింది. ఖానాపూర్‌లో తల్లి బుచ్చవ్వ కన్నుమూసిన ఆదివారం పొద్దున, కమోర్తా ఆస్పత్రికి కబురు చెప్పాక, “కరుణమ్మ ఎప్పుడొస్తది?” అని అందరూ యేసుదాసు మొహమే చూశారు. ఆయన క్యాలెండరు వెనక పెన్సిలుతో లెక్క కట్టాడు. కమోర్తా నుంచి పోర్ట్ బ్లెయిర్ మూడు గంటలు. గంటకో ఓడ. అక్కడి నుంచి విమానం. రేపు మధ్యాహ్నం రెండింటికి ఖానాపూర్ బస్టాండులో దిగుతుంది! గంటకో ఓడ అని ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. డిపో కంట్రోలరును అలా అడగడం మర్యాద కాదు గదా!

సోమవారం మూడింటి దాకా పెట్టె మూత వేయలేదు. కరుణమ్మ రాలేదు. ఐదింటికి సమాధి చేశారు. ఆ తర్వాతి సోమవారం, పదోనాటి ప్రార్థన కూటానికి సమ్మక్క బియ్యం ఏరుతుంటే కరుణమ్మ ఫోన్ చేసింది. “అక్కా...” అన్న ఒక్క మాటే సమ్మక్క వినిపించుకుంది. “ఇగ నువ్వు రాకు! నీకు ఈడ ఎవ్వలు లేరు!” అని పెట్టేసింది. ఆ తర్వాత చెల్లెలు ఎన్ని క్రిస్మస్‌లకు ఫోన్ చేసినా ఎత్తలేదు. తిమోతి పంపిన ఫోటోలు కూడా చూడలేదు...!

“సరే, నువ్వు రాకు. నేనూ బాపూ పోతం,” అంటూ స్తుతి లాప్‌టాప్ తెరిచింది. యేసుదాసు అప్పటికే కొత్త చార్టు తయారుచేసి పెట్టాడు. పొద్దున ఆరింటికి ఒక దీవి, టిఫిన్ చేసి ఇంకో దీవి, పన్నెండింటికి కమోర్తాలో భోజనం, సాయంత్రం వాపసు.

స్తుతి కాసేపు చదివింది. ఇంకాసేపు చదివింది.

“బాపూ... గంటకో ఓడ లేదు. రోజుకొకటి గూడ లేదు. ఓడెప్పుడో ముందుగాల చెప్పరంట. సముద్రం బాగలేకపోతే అదీ బందు. పోర్ట్ బ్లెయిర్ నుంచి కమోర్తాకు ఒక రాత్రి దాటి పడతదంట!”

“ఒక్క ఊరికి గంతసేపా? సర్వీసులు పెంచాలె,” అన్నాడు యేసుదాసు, ఇంకా అధికారం ఉన్నవాడిలా.

తడి గుడ్డతో చాయ్ తుడుస్తున్న సమ్మక్క చేయి ఆగింది.

“ఇమానం దొరకకపోతే?”

“పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి గూడ ఓడనే అవ్వా. మూడు రోజులు. ముందుగాల దీవిల ఓడ కోసం రెండు రోజులు, పోర్ట్ బ్లెయిర్‌ల ఒక రోజు ఆగాల్నంటే... చెన్నైల దిగేసరికే ఎనిమిది, తొమ్మిది రోజులు.”

ఆదివారం, సోమవారం, మంగళవారం... సమ్మక్క వేళ్లు ముడుస్తూ పోయింది. రెండో సోమవారం దగ్గర తొమ్మిదో వేలు ముడుచుకుంది. ఆ వేలు మళ్లీ తెరుచుకోలేదు!

“ఏమయ్యా... గా ఫోను... అది ఏడికెల్లి చేసింది?”

యేసుదాసు కొత్త చార్టును నాలుగు మడతలు పెట్టాడు. “నాకు తెల్వదు సమ్మక్కా. ఆ దినం గూడ నాకేం తెల్వదు. అందరు నా దిక్కే సూస్తుండ్రు... తెల్వదనుడు సిగ్గనిపించింది. రేపొస్తదని నోటికొచ్చింది చెప్పిన. తప్పు నాది. నువ్వు ఆ పాపం ఆమె మీద మోపుతుంటే పదకొండేండ్లు సప్పుడుజెయ్యకుండ కూసున్న...” పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో భర్త “తెల్వదు” అనడం సమ్మక్క వినడం అదే మొదలు!

ఆమె కూతురి వైపు చేయి చాపింది. “ఫోన్ కలుపు బిడ్డా.”

రెండుసార్లు కలవలేదు. మూడోసారి గాలి హోరులోంచి ఒక గొంతు... “హలో?”

“కర్ణా...”

అవతల గాలి హోరును మించి ఏడుపు వినిపించింది!

“గప్పుడు ఏడున్నవే నువ్వు? నేను తిట్టిన దినం?”

“చెన్నైల అక్కా. దార్ల ఏడ గూడ ఫోన్ కలవలే. ఓడ దిగి స్టేషన్‌కొచ్చిన. రాత్రి రైలెక్కితే అవ్వ కూటానికన్న అందుతనని చెప్దామనుకున్న... నువ్వు రాకన్నవ్. ఆడ్నే బెంచి మీద తెల్లారేదాక కూసున్న. మల్ల ఓడెక్కిన.”

“మరి నేను పెట్టేస్తె మల్ల చెయ్యొద్దా? చెప్పొద్దా?”

“అవ్వను మట్టి జేసి వచ్చిన మనిషివి. నీతోని నేనేం కొట్లాడుదు?”

సమ్మక్క గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. “నన్ను మాఫ్ చెయ్యే... దేవునికి రోజూ ప్రార్థన చేసిన నోటితోనే నిన్ను ఇంట్లకు రావద్దన్న...!” అని వెక్కి వెక్కి ఏడ్చింది. యేసుదాసు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేసినా లేవలేదు.

“నేనే వస్తున్న,” అంది సమ్మక్క, కొంగుతో ముక్కు తుడుచుకొని.

“వద్దక్కా! ఓడ మస్తు ఊగుతది. జగిత్యాల దాక బస్సుల పోతెనే కక్కుతవ్ నువ్వు...”

“కక్కుకుంటనే వస్తనే పిల్లా!”